తనిఖీ రోజు లేనివాళ్ళు

ప్రపంచ కప్పు కోసం దోహా అంతా తవ్విపోసిన సంవత్సరాల్లో నేను ఖతార్‌లో ఉన్నాను. ఈ మాట అనగానే మా బంధువుల పిల్లలు "మీరు ఏ స్టేడియం కట్టారు?" అని అడుగుతారు. నేను ఏదీ కట్టలేదు. కట్టేవాళ్ళు ఎక్కడ పడుకోవాలో చెప్పేవాణ్ణి. వీసా మీద నా ఉద్యోగం పేరు అకామడేషన్ ఆఫీసర్. క్యాంపులో అందరూ క్యాంప్ బాస్ అనేవారు. జీతం మొదటి పేరుకు తగ్గట్టు కాకుండా రెండో పేరుకు తగ్గట్టు ఉండేది.

మీలో కొందరు ఇప్పుడు అలాంటి ఉద్యోగాలకే బయలుదేరుతున్నారని విన్నాను. అడ్మిన్ అనీ, వెల్ఫేర్ అనీ కొత్త పేర్లు పెట్టారట. పేరు ఏదైనా పని ఒకటే, ఉన్న మంచాల్లో వచ్చిన మనుషుల్ని సర్దడం. ఆ పని నేను చాలా బాగా చేశాను. ఎంత బాగా చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా క్యాంపు ఇండస్ట్రియల్ ఏరియాలో. రెండంతస్తుల బ్లాకులు, పొడుగాటి వరండాలు, వరండా పొడుగునా చెప్పులు. గదికి నాలుగు ఇనుప మంచాలు, ప్రతి మంచం మీదా ఇంకో మంచం. కింద పగటి డ్యూటీ వాళ్ళు, పైన రాత్రి డ్యూటీ వాళ్ళు. ఈ ఏర్పాటు నాదే. ఒకళ్ళు పడుకునే వేళకు రెండోవాళ్ళు పనిలో ఉంటారు కాబట్టి ఎనిమిది మంది ఉన్న గది నలుగురున్న గదితో సమానమని మేనేజర్‌కు లెక్క చెప్పి ఒప్పించాను. శుక్రవారం సెలవు నాడు మాత్రం ఎనిమిది మందీ ఎనిమిది మందిలాగే ఉండేవారు.

ఇంతలో స్టేడియం పనులు చేసే కంపెనీలకు కొత్త నియమం వచ్చింది. గదికి నలుగురే ఉండాలి. మంచం మీద మంచం ఉండకూడదు. ప్రపంచ కప్పు నిర్వాహకుల మనుషులు అప్పుడప్పుడూ వచ్చి చూస్తారు. చూసినప్పుడు తప్పు దొరికితే కంపెనీకి పని పోతుంది.

మేనేజర్ మీటింగ్ పెట్టాడు. ఆయన ఉత్తరాది మనిషి. ఎవరినీ తిట్టడు, కంపెనీ డబ్బు ఖర్చయ్యే మాట ఎవరైనా అంటే మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఇంకో క్యాంపు అద్దెకు తీసుకుందామని ఒకరంటే చిన్నబుచ్చుకున్నాడు. పై మంచాలు విప్పి స్టోర్‌లో పెడదామని ఇంకొకరన్నారు. మంచాలు స్టోర్‌లో పడతాయి, మనుషులు పట్టరు. అదొక్కటే చిక్కు.

"బస్సులున్నాయి కదా," అన్నాను నేను.

ఆ నెల నాకు ఉత్తమ ఉద్యోగి అని సర్టిఫికెట్ ఇచ్చారు.

పద్ధతి చెబుతాను. తనిఖీ వస్తుందని ముందురోజే ఆఫీసు నుంచి కబురు వచ్చేది. ఎలా వచ్చేదో నేను అడగలేదు. పొద్దున్నే పగటి డ్యూటీ వాళ్ళు సైటుకు వెళ్ళిపోతారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు అప్పుడే పైకెక్కి పడుకుని ఉంటారు. వాళ్ళను లేపి, వాళ్ళ మంచాలు విప్పి స్టోర్‌లో పెట్టి, వాళ్ళను బ్యాగులతో సహా బస్సుల్లో ఎక్కించి అల్ షహానియా పంపేవాణ్ణి. అక్కడ ఒంటెల పందేల బాట, ఒంటెల కొట్టాలు, వాటి చుట్టూ ఎడారి. లేబర్ బస్సు ఎంతసేపు ఆగినా ఎవరూ అడగరు. తనిఖీ వాళ్ళు వెళ్ళాక ఫోన్ చేస్తే బస్సులు తిరిగి వచ్చేవి. మంచాలు మళ్ళీ పైకెక్కేవి, మనుషులు మళ్ళీ పడుకునేవారు, నిద్రకు టైమ్ మిగిలి ఉంటే.

మొదటిసారి నేనూ బస్సులో వెళ్ళాను. అందరూ నిద్ర కళ్ళతో ఉన్నారు. వెనక సీట్లో ఒకడు అన్నాడు:

"ఇయ్యాల మనం లేం రా."

"ఏడికి పోయినం?"

"ఏడికి పోలే. పుట్టనే లే."

ముందు సీట్లో ఉన్న పెద్దాయన వెనక్కి తిరగకుండానే అన్నాడు: "నేను పుట్టలేదంటే మా సావుకారి ఒప్పుకోడు బిడ్డా."

బస్సంతా నవ్వింది. ఆయన జగిత్యాల వైపు మనిషి, సెంట్రింగ్ పని చేసేవాడు. నలభై దాటాయి. క్యాంపులో తెలుగువాళ్ళంతా కాక అనేవారు, పఠాన్ డ్రైవర్ కూడా కాక అనేవాడు. కాక అంటే చిన్నాన్న అని పఠాన్‌కు తెలియదు, అది ఆయన పేరనుకున్నాడు.

షహానియాలో దిగాక ఒంటెలు పరుగెత్తడం చూశాం. వాటి మీద మనుషులుండరు. చిన్న యంత్రం కట్టి ఉంటుంది. యజమాని పక్కన కారులో వస్తూ బటన్ నొక్కితే అది కొరడాతో కొడుతుంది.

"మన ఫోర్‌మన్ కన్న నయం," అన్నాడు కాక. "కొడ్తది గని తిట్టది."

తర్వాత కొట్టాల వైపు చూసి, "సార్, ఒక్క ఒంటెకు గంత పెద్ద అర్ర ఇచ్చిన్రు. దాని మీద ఇంకో ఒంటె లేదు సూడున్రి," అన్నాడు. నేనూ నవ్వాను. నన్ను అన్నట్టు నాకు అప్పుడు తోచలేదు.

సావుకారి సంగతి ఆ రోజే అడిగాను. కాక మొదటి వీసాకు డబ్బు తీసుకున్న ఏజెంటు కనిపించకుండా పోయాడు. రెండో వీసా కోసం ఊళ్ళో ఇంటిని సావుకారి పేరున రిజిస్టర్ చేసి డబ్బు తెచ్చుకున్నాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఆ ఇంట్లోనే ఉన్నారు, సావుకారికి నెలనెలా కిరాయి కడుతూ.

"నా ఇంట్ల నేనే కిరాయికున్న సార్," అన్నాడు. "అసలు కడితే ఇల్లు తిరిగిస్తనన్నడు. రెండు నెల్ల కిరాయి ఆగితే తాళమేస్తనన్నడు. ఇల్లు ఇస్తడో ఇయ్యడో నాకెరుక లేదు. తాళం మాత్రం ఏస్తడు, గా మాట మీద నిలవడ్తడు."

ఇక నా ఇంటి సంగతి. దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లాలో ఉండేవాళ్ళం. బయటి నుంచి చూస్తే విల్లాయే. లోపల జిప్సం బోర్డులతో అడ్డుగోడలు కట్టి ఏడు కుటుంబాలకు అద్దెకిచ్చారు. మాది ఒకప్పటి భోజనాల గదిలో సగం, దాని పక్కన వంటకు ఇరుకైన నడవ. అవతల వాళ్ళబ్బాయి ఎక్కాలు చదువుకుంటే ఇవతల మా అమ్మాయికి వచ్చేశాయి. అలా విల్లాను విడగొట్టడం అక్కడ నేరం. మున్సిపాలిటీ వాళ్ళు వస్తే ఆ రోజే వీధిలో ఉంటాం. ఏడాది అద్దెకు ముందే చెక్కులు రాసిచ్చాను, ఒక్కటి చెల్లకపోయినా పోలీసులు పిలుస్తారు. భీమవరంలో ఫ్లాటు కోసం ఖతార్ బ్యాంకులోనే అప్పు చేశాను. ఉద్యోగం పోయిందని తెలిస్తే బ్యాంకు ముందు ఖాతా ఆపుతుంది, తర్వాత పలకరిస్తుంది. ఇవన్నీ నా తప్పుకు సాకులుగా చెప్పడం లేదు. ఆ రోజుల్లో మాత్రం సాకులుగానే చెప్పుకున్నాను.

ఇక అసలు రోజు. ఎండలు ముదురుతున్నాయి. తనిఖీ వాళ్ళు సాధారణంగా మధ్యాహ్నంలోగా వెళ్ళిపోయేవారు. ఆసారి వాళ్ళతో ఒక విదేశీ ఆవిడ వచ్చింది. మంచి మనిషి. అదే ఇబ్బంది అయింది. పరుపు మెత్తగా ఉందో లేదో కూర్చుని చూసింది. నీళ్ళ ట్యాంకు పైకెక్కి చూసింది. మెస్‌లో వర్కర్లు తినే భోజనమే తింటానంది. తిన్నది. బాగుందని ఇంకాసేపు కూర్చుంది.

ఆ మెస్ అన్నంలో బస్సుల్లో ఉన్నవాళ్ళ వంతు కూడా ఉంది. పంపాలని నాకు గుర్తు రాలేదు. పొద్దున టీతో బయలుదేరినవాళ్ళు అలాగే ఉన్నారు. డీజిల్ అయిపోతుందని డ్రైవర్ ఏసీ ఆపాడు. లోపల కూర్చోలేక అందరూ దిగి ఒంటెల కొట్టాల నీడకు పోయారు.

ఆవిడ కారు గేటు దాటేసరికి సాయంత్రమైంది. సైటు నుంచి టైమ్‌కీపర్ అరుస్తున్నాడు, రాత్రి డ్యూటీ వాళ్ళు ఏరని. నేను పఠాన్‌కు ఫోన్ చేసి నేరుగా సైటుకే పొమ్మన్నాను. "యల్లా, సీదా సైట్ పే జావో."

"సర్, ఏక్ ఆద్మీ కమ్ హై." ఒక మనిషి తక్కువట.

"కౌన్?"

"కాక."

"ఆస్‌పాస్ దేఖో."

"దేఖా సర్. బహుత్ ఆవాజ్ దియా." చూశాడట, చాలాసార్లు పిలిచాడట.

"ఛోడో. ఆ జాయేగా," అన్నాను. వదిలెయ్, వాడే వస్తాడని.

రాత్రికి పికప్ పంపి వెతికించాలనే అనుకున్నాను. కానీ తనిఖీ బ్రహ్మాండంగా జరిగిందని మేనేజర్ ఆఫీసు వాళ్ళందరినీ భోజనానికి తీసుకెళ్ళాడు. పొట్టేలు మాంసంతో వండిన అరబ్బు అన్నం. నేను రెండోసారి వడ్డించుకున్నాను. పికప్ పఠాన్ తీసుకెళ్తాడని నేననుకున్నాను. నేను పంపుతానని పఠాన్ అనుకున్నాడు.

మర్నాడు పొద్దున మెయిన్ కాంట్రాక్టర్ నుంచి కాగితం వచ్చింది. రాత్రి డ్యూటీకి రాని మనిషి ఎక్కడున్నాడో కారణం రాయమని. అందులో మూడు గళ్ళున్నాయి. జబ్బు చేశాడు, దానికి డాక్టర్ చీటీ కావాలి. సెలవులో ఉన్నాడు, దానికి సెలవు చీటీ కావాలి. పారిపోయాడు, దానికి ఏమీ అక్కర్లేదు. ఒంటెల దగ్గర వదిలేశాం అనే గడి లేదు.

మూడో గడిలో టిక్కు పెట్టాను. మనిషి రాగానే దిద్దుకోవచ్చులే అనుకున్నాను. ఆ కాగితం నకలు మన్‌దూబ్‌కు వెళ్ళింది. మన్‌దూబ్ అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఏ పనీ వేళకు చేసినవాడు కాదు. మా అమ్మాయి వీసా కాగితాల కోసం నన్ను నెలల తరబడి తిప్పాడు. ఈ పని మాత్రం మధ్యాహ్నంలోగా చేసేశాడు. మనిషి పారిపోయాడని కంపెనీ రిపోర్టు ఇస్తే ఆ మనిషిని పోలీసులు పట్టుకుని సొంత దేశానికి పంపేస్తారు. అలాంటివాళ్ళను గల్ఫ్‌లో మనవాళ్ళు కల్లివెల్లి అంటారు.

కాక కల్లివెల్లి అయిన సంగతి కాకకు తెలియదు. ఆ సాయంత్రం క్యాంపు గేటు బయట, నీడ కోసం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కార్డు పనిచేయడం లేదని సెక్యూరిటీ వాడు లోపలికి రానివ్వలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చొక్కా నిండా గడ్డి పరకలు.

"తప్పైంది సార్," అన్నాడు.

గడ్డి పరకలు దులుపుకుంటూ చెప్పాడు.

"గడ్డి మోపుల ఎనుక బ్యాగు తల కింద వెట్టుకొని జర పండిన. గట్లనే కన్నంటుకున్నది. లేచి సూస్తే చీకటి. బస్సు లేదు. ఫోన్ల ఛార్జింగ్ లేదు. ఒంటెలకాడ పనిచేసే సుడానోడు రొట్టె పెట్టి పండుమన్నడు. మధ్యాన్నం గడ్డి బండి ఇటు వస్తుంటే ఎక్కిన. ఇగ గిట్ల గాదు సార్. డ్యూటీ ఏస్తరా?"

ఆయన నిద్రపోయినందుకు నాకు క్షమాపణ చెప్పుకుంటున్నాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "చూద్దాంలే, నువ్వు ముందు కారెక్కు," అన్నాను. గేటు దగ్గర ఎవరైనా చూస్తే నాకే ఇబ్బందని కారెక్కించాను. ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచలేదు. వందలమందికి మంచాలు చూపించే ఉద్యోగం నాది, ఆ ఒక్కడికి చూపించడానికి మా వంట నడవ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

మా ఆవిడ తలుపు తీసి ఆయన్ని చూసి, నన్ను చూసి, "స్నానానికి నీళ్ళు పెట్టనా?" అంది. అంతకంటే ఏమీ అడగలేదు. రాత్రి కాక పడుకున్నాక గొంతు తగ్గించి అడిగింది. మా ఇంట్లో గొంతు తగ్గించకపోతే ఏడు కుటుంబాలకూ చెప్పినట్టే.

"ఎవరండీ ఆయన?"

"క్యాంపు మనిషి. కాగితాల్లో చిన్న పొరపాటు జరిగింది."

"ఎవరి పొరపాటు?"

"కంపెనీది," అన్నాను.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్ళి రిపోర్టు వెనక్కి తీసుకుందామన్నాను. తీసుకోవచ్చు, కారణం రాసివ్వాలన్నాడు. "ఏమని రాస్తావు? తనిఖీ రోజున మనుషుల్ని బస్సుల్లో దాచాం, ఒకణ్ణి మరిచిపోయాం అని రాస్తావా? రాయి. కింద సంతకం నీదే ఉండాలి." ఆయన గొంతు పెంచలేదు. ముఖం చిన్నబుచ్చుకున్నాడంతే.

నేను రాయలేదు. మన్‌దూబ్ ఒక ఉపాయం చెప్పాడు. మనిషే ఆఫీసుకు వచ్చి, నేనే చెప్పకుండా వెళ్ళాను, తప్పయింది అని ఒప్పుకుంటే మందలించి వదిలేస్తారు, కంపెనీ తిరిగి తీసుకోవచ్చు అన్నాడు. చాలామందికి అలాగే అయిందన్నాడు. ఎవరికి అయిందో ఒక్కరి పేరు అడిగి ఉంటే సరిపోయేది. నాకు ఆ ఉపాయం నచ్చింది. నచ్చడానికి కారణం, అందులో నేను లేను.

ఆ సాయంత్రం నడవలో కాక పక్కన కూర్చుని నేర్పించాను. "అక్కడ అడిగితే, తెలిసినవాణ్ణి చూడ్డానికి షహానియా వెళ్ళానని చెప్పు. ఎవరికీ చెప్పలేదని చెప్పు."

"బస్సు ముచ్చట చెప్పద్దా సార్?"

"వద్దు. బస్సు మాట వస్తే కంపెనీకి కోపమొస్తుంది. అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు."

"చెప్తే డ్యూటీ ఇస్తరు గదా? ఈ నెల కిరాయి పంపలే. వచ్చే నెల సుత ఆగితే తాళమే."

"ఇస్తారు," అన్నాను.

ఆఫీసులో పెద్ద హడావుడి లేదు. యూనిఫామ్‌లో ఉన్న అధికారి మర్యాదగా మాట్లాడాడు. పక్కన ఉర్దూ వచ్చిన మనిషి తర్జుమా చేశాడు. నువ్వు క్యాంపు నుంచి నీ అంతట నువ్వే వెళ్ళావా అని అడిగారు.

"హా సాబ్. మై ఖుద్ గయా," అన్నాడు కాక. నేను నేర్పింది నేర్పినట్టు, కాస్త గర్వంగా కూడా చెప్పాడు.

అధికారి నా వైపు తిరిగాడు. కంపెనీ తరఫున వచ్చింది నువ్వే కదా, ఇతను చెప్పింది నిజమేనా?

నా ఉద్యోగ జీవితంలో నన్ను సూటిగా అడిగిన ప్రశ్నలు తక్కువ. ఆ కుర్చీలో కూర్చుని మా అమ్మాయి స్కూలు ఫీజు గురించీ, చెక్కుల గురించీ ఆలోచించాను. అధికారి తొందరపెట్టలేదు. నాకు కావలసినంత టైమ్ ఇచ్చాడు. "నిజమే," అన్నాను.

ఒప్పుకున్నాడు కాబట్టి విచారణ అక్కర్లేదు, ఇక సొంత దేశానికి పంపడమే అని నాకు చెప్పారు. లోపలి తలుపు తీసి కాకను అటు రమ్మన్నారు. ఆయన రెండడుగులు వేసి ఆగి, డ్యూటీకి పంపుతున్నారనుకున్నాడో ఏమో, "సార్, నా బ్యాగు మీ కిచెన్ల ఉన్నది," అన్నాడు. మన్‌దూబ్ తన ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇంటికి వచ్చాక మా ఆవిడకు ఈసారి మొత్తం చెప్పాను. విని, ఆయన ఉతికి ఆరేసుకున్న చొక్కాలు మడిచి బ్యాగులో పెట్టి నా ముందుంచింది. "ఇది మీరే తీసుకెళ్ళి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు చెప్పండి."

"అలాగే," అన్నాను. పఠాన్‌తో పంపాను.

మా ఆదివారం ప్రార్థన అక్కడ శుక్రవారం. ఆ శుక్రవారం చర్చిలో మోకాళ్ళ మీద చాలాసేపు ఉన్నాను. దేవుడి దగ్గర ఒప్పుకోవడం తేలిక, ఆయన ఎదురు ప్రశ్నలు వేయడు. తేలిక కాబట్టి చాలా శుక్రవారాలు ఒప్పుకున్నాను. ఆ పక్క నెలలో తనిఖీ రిపోర్టు వచ్చింది, మా క్యాంపు మిగతావాళ్ళకు ఆదర్శమని. నా జీతం కొంచెం పెరిగింది. తర్వాత కంపెనీ నిజంగానే ఇంకో క్యాంపు తీసుకుంది, గదికి నలుగురే. అప్పుడు తెలిసింది, దానికైన ఖర్చు బస్సుల డీజిల్ కంటే మరీ ఎక్కువేం కాదని.

ఆటలు మొదలవకముందే కంపెనీ పని అయిపోయింది, మా అవసరమూ అయిపోయింది. భీమవరం వచ్చేశాం. అప్పు తీరింది, ఫ్లాటు మాదే. రెండు గదులు, ముగ్గురం మనుషులం. ఏ తనిఖీకైనా నిలుస్తుంది. కానీ మా ఆవిడ ఏడాదికి రెండు మూడుసార్లు, ఏదో కరెంటు బిల్లు సంగతి అడిగినట్టు అడిగేది: "జగిత్యాల ఎప్పుడు వెళ్తున్నారు?" ఆమెకు చెప్పిన జవాబులన్నీ అయిపోయాక పఠాన్‌కు ఫోన్ చేసి కాక నంబరు తీసుకున్నాను.

సావుకారి మాట మీద నిలబడ్డాడు. తాళం వేశాడు. కాక కుటుంబం ఇప్పుడు కోరుట్లలో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకుంటోంది. అది అక్కడికొచ్చాక వాళ్ళు మారిన నాలుగో గదో ఐదోదో. నేను వెళ్ళేసరికి కాక సెంట్రింగ్ పని లేక ఇంటి దగ్గరే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. గుర్తుపట్టి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"కాకా, మీకు ఒక మాట చెప్పాలి. పారిపోయారని రిపోర్టు రాసింది నేను."

"ఎరుకే సార్. బ్యాగు తెచ్చిన నాడే పఠాన్ చెప్పిండు."

"తెలిసి కూడా ఒక్కసారి ఫోన్ చేసి తిట్టలేదేం?"

"తిట్టిన సార్. మస్తు తిట్టిన. మీకు ఇనవడలే."

జేబులోంచి కవరు తీశాను. ఆయన దాని వైపు చూడలేదు. "అది లోపట వెట్టుకోన్రి. నేను తీసుకుంటే మీరు లేచి పోతరు. మీతోని వేరే పనున్నది."

"ఏం పని?"

"మా ఆమెకు చెప్పున్రి."

అప్పుడు విషయం చెప్పాడు. ఆయన ఊరు చేరేలోపే రెండో వీసా ఇప్పించిన ఏజెంటు ఊళ్ళో చెప్పేశాడు, డ్యూటీ ఎగ్గొట్టి తిరగబోయి దొరికాడనీ, తనే ఒప్పుకున్నాడనీ. ఒప్పుకున్నది నిజమే. "నేను ఉన్నది ఉన్నట్టు చెప్పిన సార్. మంచాలు ఇప్పి, మనుషులను బస్సులెక్కిచ్చి, ఒంటెలకాడ దాస్తరంటే ఎవడు నమ్ముతడు? నాకే నమ్మబుద్ధి గాదు. మా బామ్మర్దులు ఇప్పటికి నన్ను ఒంటె అంటరు. పెండ్లిళ్ళల్ల సుత. 'ఒంటె బావ వచ్చిండు, నీళ్ళు ఎక్కువ వెట్టున్రి' అంటరు."

ఆయన భార్య గది ముందు అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను.

"అమ్మా, అప్పుడు కంపెనీ ఒక రిపోర్టు ఇచ్చింది..."

"కంపెనీ అంటే ఎవలు?" చేతులు ఆపలేదు.

"మేమంతా కలిసి..."

"గంతమంది ఒక్క పెన్ను వట్టుకొని రాసిన్రా?"

"నేను రాశాను," అన్నాను.

చేతులు ఆగాయి. ఆ తర్వాత ఆవిడ అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను. ఆవిడకు గల్ఫ్ అంతా దుబాయే. దుబాయ్‌ల గదులు లేవా? ఉన్నాయి. మరి బస్సులెందుకు ఎక్కిచ్చినవ్? అన్నమెందుకు పంపలే? ఆయన లేడని చెప్పినంక ఎందుకు ఎతకలే? ఆఫీసుల నువ్వు పక్కనే ఉన్నవా? ఉన్నానన్నాను. అధికారి వేసిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు చెప్పాను. ఖతార్‌లో ఎవరూ చేయని విచారణ కోరుట్లలో జరిగింది.

అంతా అయ్యాక ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "గిదంత నిజమేనా?"

"నేను చెప్పలేదా?"

"చెప్పినవ్. నవ్వుకుంట చెప్పినవ్. నవ్వుకుంట చెప్తే నమ్ముతరా ఎవలన్న?"

ఆవిడ చాట పక్కన పెట్టి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "జేబుల ఏంది అది, కవరు? ఈడ వెట్టు. మూడు నెల్ల కిరాయి ఆగింది, ఓనరు ఖాళీ చేయమంటున్నడు." ఇచ్చాను. లెక్కపెట్టకుండా చాట కింద పెట్టి ఫోన్ అందుకుంది. తమ్ముడికి చేసి, స్పీకర్ పెట్టి నా ముందుంచింది. సావుకారి దగ్గర జామీను ఉన్నది ఆ తమ్ముడే. ఇల్లు పోయిన రోజు నుంచి బావతో మాట్లాడటం లేదు.

"నాకు చెప్పినట్టే చెప్పు," అంది.

చెప్పాను. ఈసారి కంపెనీ అనలేదు. నేను లేపాను, నేను ఎక్కించాను, నేను వదిలెయ్యమన్నాను, నేను రాశాను, నేను అబద్ధం నేర్పాను, అధికారి అడిగితే నేను నిజమేనన్నాను. చెప్పడానికి ఇంత తక్కువసేపు పడుతుందని అంతకుముందు తెలియదు. 

"అక్కా, బావ ఉన్నడా ఆడ?"

"ఉన్నడు."

"ఫోనియ్యి."

కాక ఫోన్ తీసుకుని స్పీకర్ ఆపి, సందు చివరి దాకా నడిచి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి ఫోన్ భార్య చేతికిచ్చి, కళ్ళు తుడుచుకోకుండానే నా పక్కన కూర్చున్నాడు.

నా పని అయిందనుకుని కుర్చీలోంచి లేచాను.

"ఏడికి?" అంది ఆవిడ. "మా పెద్దన్న పొలంకాడ ఉన్నడు. ఈయనను అందరికన్న ఎక్కువ మాటలన్నది ఆయనే. ఫోన్ తీస్కపోడు, చీకటైనంక వస్తడు. ఛాయ్ పెడ్త, కూసో."

కూర్చున్నాను.